ఇత్తడి గిద్ద, కరెంటు త్రాసు

మొగ స్టేషను, మందుగది రోజువారీ పుస్తకం. రాస్తున్నది సంగాని భూలక్ష్మి, తుపాకి మందు కొలిచే మనిషి.

నీళ్ళొచ్చిన నలభై ఒకటో ఏడు, ఆశ్వయుజ శుద్ధ విదియ

పోటు పొద్దున్న ఆరింటికి. పడవలు ఏడు. తూటాలు తొమ్మిది అయ్యాయి, రెండు తాళ్ళు గాలికి పక్కకి పోయాయి కాబట్టి. మోకాళ్ళు ఒకటే సలుపు. ఇలాంటివి పుస్తకంలో రాయకూడదంటారు మా స్టేషను పెద్ద, సరంగు లోవరాజుగారు. రాసేది నేను, మోకాళ్ళు నావి, రాస్తాను.

ఇవాళ మందు తూచే యంత్రం వచ్చింది. ఇంజనీరు కృపావరం ఎగువ నుంచి నాలుగు పడవలు మారి తెచ్చాడు. మా స్టేషను పాత తుఫాను షెల్టరు మూడో అంతస్తులో ఉంది, కింద రెండూ నీళ్ళలోనే. అందుకని పెట్టెకి తాడు కట్టి కిటికీలోంచి పైకి లాగాం. ఆ మనిషి వచ్చీరాగానే గచ్చు మీద పడుకుని గంటసేపు లేవలేదు. పాపం, నాకంటే అలిసిపోయిన మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో.

లేచి కాస్త గంజి తాగాక పని ఏమిటో చూపించమన్నాడు. చూపించడానికేముంది? ఏరు సముద్రంలో కలిసే ఈ మొగలోకి వచ్చే పడవకి ఒడ్డు నుంచి తాడు అందాలి. అందకపోతే సుడి దాన్ని మునిగిన లైట్‌హౌసు మీదికి ఈడ్చేస్తుంది. చేత్తో విసిరితే అంత దూరం పోదు కనక తుపాకితో వేస్తాం. పడవవాళ్ళు పట్టుకున్నాక పైనుంచి తాడు చుట్టే గానుగ తిప్పి లాగుతాం. పూర్వం ఈ తాళ్ళని ఎగిరే యంత్రాలు మోసుకెళ్ళేవట. వాటి రెక్కతో మా అమ్మ దోసెలు తిరగేసేది.

కాల్చిన తూటా గుల్ల ఇత్తడిది, పారెయ్యం. కడిగి, ఆరబెట్టి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించి, మందు కొలిచి పోసి, పైన బెండు కూరుతాం. మందు కొలవడానికి నాకు గిద్ద ఉంది. పైన గరాటు, పక్కన పిడి. పిడి ఎత్తి దించితే ఒక కొలత పడుతుంది. పది కొలతలకొకటి త్రాసులో వేసి ముప్పై గురివింద గింజలతో తూస్తాను. తక్కువైతే తాడు నీళ్ళపాలు. ఎక్కువైతే తుపాకి పట్టిన మనిషి మొహం పోతుంది.

ఆ మనిషి ఎవరో కూడా కృపావరం అడిగాడు. మా మరదలు దుర్గారత్నం. ఎవరు మందు కొలిస్తే వాళ్ళింటి మనిషే తుపాకి పట్టాలని మొగలో కట్టుబాటు. కొలిచేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలుస్తారని పెద్దవాళ్ళు పెట్టారు. రత్నం కంటే ముందు దాని మొగుడు, అంటే మా తమ్ముడు తాతారావు పట్టేవాడు. తొమ్మిదేళ్ళ కిందట తుపాకి పగిలి పోయాడు.

పౌర్ణమి లోపల నేను తేల్చి సంతకం పెట్టాలి. యంత్రం ఉంచుకుంటే గిద్ద దక్షిణపు మొగ స్టేషనుకి పోతుంది, వాళ్ళకి ఏదీ లేదు. గిద్ద ఉంచుకుంటే యంత్రం వాళ్ళకి. రెండూ కుదరవట.

తదియ

పడవలు అయిదు, తూటాలు అయిదు.

యంత్రం చూస్తే నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. ఎండ పలక మీద నడుస్తుంది. పొద్దున్నే ఖాళీ పళ్ళెం పెట్టి మీట నొక్కితే సున్నా చూపిస్తుంది. ఇక సాయంత్రం దాకా ముట్టుకోనక్కర్లేదు. సన్నని గొట్టంలోంచి మందు తనే రాల్చుకుంటూ, ముప్పై గింజల ఎత్తు రాగానే టక్కున ఆగిపోతుంది. నేను పళ్ళెం ఎత్తి గుల్లలో పోసుకుంటే సరి. చెయ్యి వణికినా దానికి పట్టదు. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు మందు గరాటులో గడ్డకడితే వేలితో తట్టి తట్టి పొయ్యాలి కదా, ఆ బాధా లేదు. గిద్దతో రోజుకి నలభై కొలిస్తే నా పని అయిపోతుంది. ఇవాళ మధ్యాహ్నానికే డెబ్భై!

రత్నానికి నచ్చలేదు. స్నానం చేసి వచ్చి తుపాకికీ గుమ్మానికీ గిద్దకీ గంధం, కుంకుమ పెట్టడం దాని అలవాటు. ఇవాళ యంత్రానికీ పెట్టింది, పళ్ళెం అంచున మూడు వేళ్ళతో దిట్టంగా.

“బొట్టెట్టాను గానీ దీని మీద నాకు నమ్మకం లేదొదినా,” అంది.

“నమ్మకం లేని దానికి అంత గంధం ఎందుకే?”

“నమ్మకం లేదు కాబట్టే ఎక్కువెట్టాను,” అంది. దానితో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

షష్ఠి

రెండు వందల డెబ్భై తూటాలు నిండి పెట్టెల్లో ఉన్నాయి. రోజూ పొద్దున్న మొదటి పదీ పాత త్రాసులో వేసి గురివిందలతో చూస్తున్నాను. ఒక్కటి తేడా లేదు. అన్నీ చూడమని కృపావరం అనలేదు, నేనూ చూడలేదు. చూడకుండా కూర్చోవచ్చనే కదా యంత్రం.

మధ్యాహ్నం గంటన్నర నిద్రపోయాను. పగలు పడుకుని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

రత్నం భుజం వాచింది. తుపాకి ఈ మధ్య గట్టిగా తంతోందంటుంది. “వయసు మీదపడిందిలే మహాతల్లీ, యాభై దాటాక తుపాకి కాదు, చీపురు కూడా తంతుంది,” అన్నాను. నవ్వింది. ఆముదం వేడి చేసి రాశాను.

అష్టమి

పడవలు ఆరు, తూటాలు తొమ్మిది. మూడు తాళ్ళు గాలిలోనే పుటుక్కున తెగాయి. సరంగుగారు తాడు పేనేవాళ్ళని పిలిచి నానా చివాట్లూ పెట్టారు. “నారలో దమ్ము లేదేటయ్యా, బట్టలారేసుకునే తాళ్ళలా పేనుతున్నారేటి?” అని. వాళ్ళు పాపం అప్పుడే కొత్త నార తీసి పేనడం మొదలెట్టారు.

మహర్నవమి

ఆయుధ పూజ. తుపాకులు రెండూ కడిగి నూనె రాశాం. రత్నం యంత్రానికి పూలదండ వేసి, పళ్ళెం అంచు చుట్టూ గంధం మెత్తింది. కృపావరం చర్చికెళ్ళే మనిషి, అయినా కొబ్బరి ముక్క తిని బాగుందన్నాడు. పూజయ్యాక సున్నా నొక్కి మొదటి పది తూచాను. సరిగ్గా ఉన్నాయి. పండగ పూటా ఎనభై నింపాను.

విజయదశమి

రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దుటి పోటులో మూడో పడవకి కాల్చినప్పుడు తుపాకి అరిచిన అరుపే వేరు. రత్నం వెనక్కి పడింది. తాడు తెగి ఎక్కడికో పోయింది. పడవ సుడిలో రెండు చుట్లు తిరిగింది. సరంగుగారు రెండో తుపాకి తీసి తనే కాల్చి పట్టించారు, పడవా మనుషులూ దక్కారు.

తుపాకి తెచ్చి చూస్తే మడమ దగ్గర, మందు పేలే చోట, వెంట్రుకంత పగులు. ఇంకొక్కటి కాల్చి ఉంటే రత్నం మొహం ఉండేది కాదు. భుజం నల్లగా కమిలిపోయింది. మోచెయ్యి గీసుకుపోయింది.

“ఏం కాలేదులే ఒదినా, అలా సూడకు,” అంటుంది పడుకుని. అలా చూడక ఎలా చూడను? ఆ పగులు ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో ఈ స్టేషనులో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఏకాదశి

నిన్నటి నుంచి తూటాలన్నీ విప్పి తూస్తున్నాను. ప్రతి పెట్టెలోనూ వరస రాసి పెట్టుకుంటాను కాబట్టి బయటపడింది. ఏ రోజు చూసినా పొద్దున్న నింపినవి ముప్పై గింజలు. పది గంటలు దాటేసరికి ముప్పై ఒకటి. మధ్యాహ్నం ముప్పై రెండు. నవమి నాడు సాయంత్రం నింపినవి ముప్పై అయిదు! నేను పరీక్ష చేసినవన్నీ పొద్దుటి మొదటి పది.

కృపావరం యంత్రాన్ని విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఏమీ దొరకలేదు. వేడికేమో అన్నాడు, గాలికేమో అన్నాడు. చివరికి నేను పళ్ళెం కడుగుదామని తీసుకుంటే ఎండిపోయిన గంధం పెళ్ళలు నా ఒళ్ళో రాలాయి. ఒక్కో పెళ్ళా ఏరి అరచేతిలో వేసుకున్నాను.

పొద్దున్న గంధం తడిగా, బరువుగా ఉంటుంది. దాంతో కలిపి యంత్రం సున్నా అనుకుంటుంది. ఎండెక్కేకొద్దీ తడి ఆరిపోయి, పెళ్ళలు రాలి పళ్ళెం తేలికవుతుంది. ఆ తగ్గిన బరువుని కూడా యంత్రం మందుతోనే పూడుస్తుంది. గిద్దకి నలభై ఏళ్ళుగా బొట్టు పెడుతున్నాం, దానికేమీ కాలేదు. అది బరువు చూడదు, తన గుంటలో పట్టినంతే పోస్తుంది.

రత్నానికి చెప్పకుండా ఉందామనుకున్నాను. పెళ్ళలు చేతిలో పట్టుకుని కూర్చున్న నన్ను చూసి అదే అడిగి చెప్పించుకుంది. విని నా చేతిలోంచి ఒక పెళ్ళ తీసుకుంది.

“నా చేత్తోనే ఎట్టుకున్నానన్నమాట,” అంది.

“నీ తప్పేముందే? మొదటి పది చూసి మిగతావి వదిలేసి గుర్రు పెట్టి నిద్రపోయింది నేను.”

“ఎన్నాళ్ళ నిద్ర బాకీ ఉందో నీకు. పోన్లే,” అంది. ఆ మాటకి ఇంకా ఏడుపొచ్చింది.

ద్వాదశి

ఆకాశం ఇత్తడి రంగులో ఉంది. నైరుతి నుంచి పక్షులు లోపలికి పోతున్నాయి. రేపు మధ్యాహ్నం పోటుకి తుఫాను వస్తుందని సరంగుగారు అంటున్నారు. సముద్రం మీదున్న పడవలన్నీ ఆ పోటుకే మొగలోకి తోసుకొస్తాయి, పదిహేనో ఇరవయ్యో. యాభై తూటాలైనా చేతిలో ఉండాలి. ఉన్న నాలుగు వందల పైచిలుకూ విప్పదీసిన మందు కుప్పే.

సరంగుగారు మందుగదిలోకి వచ్చి కూర్చున్నారు.

“భూలచ్చిమీ, దేంతో నింపుతావు సెప్పు. తిట్టను, ఏదైనా సరే.”

కృపావరం అందుకున్నాడు. “తప్పు యంత్రానిది కాదండి, తప్పు చెప్పని నాది. పళ్ళెం శుభ్రంగా ఉంచి, పది తూటాలకోసారి సున్నా నొక్కితే వెంట్రుకవాసి తేడా రాదు. ఇది మీకు రాసిస్తాను కావాలంటే.”

కృపావరం అన్నది నిజం. పొద్దున్న పళ్ళెం తుడిచి యాభై పోయించి చూశాను. యాభైకి యాభై ముప్పై గింజలే. గిద్దతో యాభై పోస్తే నా చెయ్యి వణుకుకి మూడు తక్కువ, రెండు ఎక్కువ. లెక్క ప్రకారం చూస్తే ఆలోచించడానికే ఏమీ లేదు. యంత్రంతోనే నింపుతానని చెప్పాను. సరంగుగారు తలూపి వెళ్ళారు.

గుమ్మంలో రత్నం నిలబడి వింటోంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వాదించకుండా వెళ్ళింది చూడండి, అదీ నాకు దిగులు.

త్రయోదశి

ఈ రోజుది వరసగా, దాచుకోకుండా రాస్తాను.

పొద్దున్న యంత్రం ముందు కూర్చున్నాను. రత్నం వచ్చి ఎదురుగా గచ్చు మీద చతికిలబడింది. ఒక చేత్తో రెండో తుపాకికి నూనె రాస్తోంది, ఇంకో చెయ్యి సరిగా లేవడం లేదు.

“ఒదినా, గిద్దతో కొలు.”

“యంత్రం ఇప్పుడు సరిగ్గా ఉందే. నీ ఎదురుగానే తూచి చూపిస్తాను.”

“ఉంటే ఉండనీ. నాకు నీ సెయ్యే కావాలి.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నలభై ఏళ్ళ అలసటంతా ఆ కోపంలోకి వచ్చింది. “నా చెయ్యి ఏంటో తెలుసా నీకు? నీ మొగుణ్ణి చంపిన చెయ్యి!” అన్నాను.

అనేశాక ఇక ఆగలేదు. తొమ్మిదేళ్ళ కిందటి పుస్తకంలో ఆ రోజు నేను రాసింది ‘తుపాకి గొట్టం పాతది, పగిలింది’ అని. అది అబద్ధం. ముందురోజు కొలుస్తూ కొలుస్తూ, పిడి దించాక, కిందినుంచి ఎవరో పిలిస్తే కిటికీ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చి ఆ గుల్లలోకే ఇంకోసారి దించాను. బెండు కూరేటప్పుడు పైదాకా మందు ఉన్నట్టు అనిపించింది కూడా. పనిలో పడి ఊరుకున్నాను. అదే తూటా మర్నాడు మా తాతారావు చేతికి వెళ్ళింది. ఇదంతా దానికి చెప్పాను. చెబుతూ దాని మొహం చూడలేకపోయాను.

రత్నం నూనె గుడ్డ పక్కన పెట్టింది.

“తెలుసు,” అంది.

“ఏం తెలుసే?”

“పాత గొట్టమైతే మూతికాడ చీల్తాది. అది మడమకాడ పగిలింది. ఆయన్ని సాగనంపిన మర్నాడే సూశాను.”

తొమ్మిదేళ్ళు! ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే చాప మీద పడుకుని, ఒక్క మాట అనలేదు.

“తెలిసీ నా తూటాలు ఎలా కాల్చావే?”

“ఏడాది కాల్చలేదు కదా. మర్చిపోయావా?”

మర్చిపోలేదు. ఆ ఏడాది తుపాకి నేనే పట్టాను, పది తాళ్ళకి నాలుగు నీళ్ళపాలు చేశాను. రత్నం పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. ఏం తిన్నదో, ఎప్పుడు లేచేదో.

“నిన్ను సంపేద్దామన్నంత కోపంగా ఉండేది ఒదినా. గోడకానుకుని పడుకుని నువ్వు కొలుస్తుంటే వినేదాన్ని. ఆయన పోయాక నువ్వు పైకి లెక్కెట్టడం మొదలెట్టావు. ‘ఒకటి, దించాను. బెండెట్టాను. రెండు, దించాను. బెండెట్టాను.’ నీకు తెలీదు నువ్వలా అంటావని.”

నాకు తెలియదు. ప్రమాణం చేసి రాస్తున్నాను, తెలియదు.

“ఏడాది పొడుగునా తప్పు దొరకబుచ్చుకుందామని ఇన్నాను. జొరమొచ్చిన రోజూ అదే లెక్క, ఏడుస్తూ కూడా అదే లెక్క. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. అప్పుడు లేచి తుపాకి పట్టాను. ఇన్నేళ్ళూ నేను కాల్చిందేదీ ఇనకుండా కాల్చలేదు. ఈ యంత్రం కాడ నువ్వు నోరు మూసుక్కూచుంటావు. నాకేం ఇనబడదు. ఇనబడని తూటా భుజాన ఎట్టుకోలేనొదినా.”

నేను లేచి యంత్రం మీట కట్టేశాను. గిద్ద దించి, గరాటులో మందు పోసి, కూర్చున్నాను. రత్నం వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుంది. గాలి అప్పటికే కిటికీ రేకుల్ని కొడుతోంది.

ఇన్నేళ్ళూ తెలియకుండా చేసిన పని తెలిసి చెయ్యడం ఎంత కష్టమో. ఒకటి, దించాను, బెండెట్టాను. గొంతు నాది కానట్టు ఉంది. పది, దించాను. ఇరవై. తూచుతూ, తట్టుతూ, తేడా ఉన్నవి కుప్పలో పారబోసి మళ్ళీ కొలుస్తూ పోయాను. కృపావరం అడగకుండానే పక్కన కూర్చుని టోపీలు బిగించి ఇస్తున్నాడు. ముప్పై ఒకటి అన్నాక చెయ్యి ఆగిపోయింది. పిడి పైన ఉందో, దించేశానో గుర్తు రాలేదు. తొమ్మిదేళ్ళ కిందటి గుల్లే మళ్ళీ చేతిలో ఉన్నట్టయింది. నోట్లోంచి మాట రాలేదు.

“ముప్పై ఒకటి, ఇంకా దించలేదు,” అంది రత్నం గోడ అవతల నుంచి.

దించాను.

మధ్యాహ్నం పోటుకి యాభై రెండు ఉన్నాయి. పద్ధెనిమిది పడవలొచ్చాయి. రత్నం ఎడమ భుజం మీద పెట్టుకుని కాల్చింది, ఎప్పుడూ అలవాటు లేని భుజం. వానలో పడవలు సరిగా కనబడటం లేదు, కేకల్ని బట్టే గురి చూసింది. ఇరవై ఏడు తూటాలయ్యాయి. ఒక్క తాడూ తెగలేదు. పదిహేడు పడవలు లాగాం. ఒక పడవకి నాలుగు తాళ్ళు వేసినా అందలేదు. ముగ్గురు మనుషులు. వాళ్ళ పేర్లు సరంగుగారి పుస్తకంలో ఉన్నాయి. యంత్రంతో నింపి ఉంటే అందేదేమో అని నాకు అనిపించింది. కృపావరానికీ అనిపించే ఉంటుంది, మంచివాడు కనక అనలేదు.

పౌర్ణమి

గాలి తగ్గింది. పడవలు రెండు, తూటాలు రెండు.

సరంగుగారు కాగితం తెచ్చారు. యంత్రం దక్షిణపు మొగకి పంపమని రాసి సంతకం పెట్టాను. వాళ్ళకి చెప్పాల్సింది కూడా కింద రాశాను: పళ్ళెం శుభ్రంగా ఉంచండి, పది తూటాలకోసారి సున్నా చూడండి, బొట్టు గోడకి పెట్టుకోండి. అది మంచి యంత్రం. గిద్ద కంటే సరైనది. ఆ మాటా రాశాను.

కారణం అన్న చోట ‘తుపాకి పట్టే మనిషికి యంత్రం వినబడటం లేదు’ అని రాశాను.

సరంగుగారు కళ్ళద్దాలు పైకెత్తి రెండుసార్లు చదివారు. “ఇదేటమ్మా ఇది? పైవాళ్ళకి ఏం అర్థమవుద్ది?”

“అంతేనండి. వేరే కారణం లేదు.”

తొమ్మిదేళ్ళ కిందటి పుస్తకం కూడా ఆయన చేతే బీరువాలోంచి తీయించాను. ఆ రోజు పుట తీసి, ‘గొట్టం పాతది’ అన్న మాట కొట్టేసి, పక్కన ‘మందు రెండు కొలతలు పడింది. కొలిచింది భూలక్ష్మి’ అని రాశాను. ఆయన చూశారు. పుస్తకం మూసి నా చేతికే ఇచ్చారు.

కృపావరం మధ్యాహ్నం పడవకి వెళ్ళాడు. యంత్రం పెట్టెకి పాత దుప్పటి చుట్టి ఇచ్చాం.

సాయంత్రం దాకా నలభై కొలిచాను. పైకే. గొంతు పట్టేసింది, మోకాళ్ళు సరేసరి. రత్నం గోడ అవతల చేపలు బాగు చేసుకుంటూ, మధ్యమధ్య నాకంటే ముందే అంకె చెప్పేస్తోంది. రేపు ఇంకా నలభై కొలవాలి.